బిల్లు లేని పెళ్ళికానుకల విషయమై అమ్మాయికి పెదనాన్న లేఖ

చి. ల. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీవు పంపిన ఫొటోలన్నీ చూశాను. మూడు మిక్సీలు, నాలుగు డిన్నర్ సెట్లు, గోడ గడియారాలు, హాట్ బాక్సులు, వెండి సామాను, అట్టపెట్టెల్లోంచి తీయని చీరలు, వీటన్నిటినీ హైదరాబాదులో మీరు అద్దెకు తీసుకున్న ఆ చిన్న ఫ్లాటులో సర్దడం ఎవరి తరమూ కాదు. ఏ ఒక్కదానికీ బిల్లు లేదు కనుక ఏమీ చేయలేమేమోనని నీవు దిగులుపడుతున్నావు. తెనాలిలో స్టీలు సామాను, గిఫ్టు వస్తువుల దుకాణం నడిపి, పెళ్ళిళ్ళ సీజను ముగిసిన ప్రతిసారీ ఇలాంటి పెట్టెలు పట్టుకుని వచ్చే కొత్త దంపతులను చూసినవాడిగా చెబుతున్నాను, బిల్లు లేకపోయినా వాటిలో చాలావాటికి దారి ఉంది. వస్తువు తన దుకాణంలోదే అన్న నమ్మకం, దాన్ని మళ్ళీ కొత్తదిగా అమ్ముకోగలనన్న నమ్మకం, ఈ రెండూ కలిగితే చాలామంది వ్యాపారులు మార్పిడికి ఒప్పుకుంటారు. రోజులు గడిచేకొద్దీ ఆ రెండూ సన్నగిల్లుతాయి గనుక ఈ పనిని పండుగ దాకా వాయిదా వేయవద్దు.

ముందుగా చదివింపుల పుస్తకం తెప్పించుకో. అందులో నగదు చదివింపులకు పద్దు సరిగానే ఉంటుంది గానీ, వస్తువుల దగ్గర సాధారణంగా ‘గిఫ్టు ప్యాకెట్’ అని మాత్రమే రాస్తారు. అందుచేత ప్రతి పెట్టె మీది చీటీలో ఉన్న పేరు, లోపలి వస్తువు, అది ఏ దుకాణం సంచిలో వచ్చింది, ఎవరి తరఫువారు ఇచ్చారు అన్నవి ఆ పేజీ పక్కనే రాసుకో. వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాలు కూడా వధువుకు వచ్చిన కానుకలకు ఒకటి, వరునికి వచ్చినవాటికి ఒకటి చొప్పున జాబితాలు ఉండాలని, వాటిలో వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి వధూవరులిద్దరూ సంతకాలు చేయాలని చెబుతున్నాయి. మన పెళ్ళిళ్ళలో ఆ పని చేసేవారు అరుదు, మీరైనా చేయండి. బిల్లు లేని వస్తువు నీ దగ్గరకు ఎలా వచ్చిందో చూపడానికి అంతకన్నా మంచి కాగితం దొరకదు. నీకంటూ ఇచ్చిన కానుకలు నీ స్త్రీధనం, వాటి మీద నిర్ణయం పూర్తిగా నీదే. ఇద్దరికీ కలిపి ఇచ్చినవాటిని మాత్రం అల్లుడితో మాట్లాడకుండా, మీ అత్తగారి చెవిన ఒక మాట వేయకుండా కదిలించవద్దు. పుట్టింటి సారెలో వచ్చినవీ, మేనమామ పెట్టినవీ ఎంత అక్కరకు రానివైనా అటక మీద పెట్టుకో, అమ్మకానికి పెట్టకు.

ఇక దుకాణాల సంగతి. వ్యాపారి బిల్లు అడిగితే నిన్ను అనుమానించాడని అనుకోకు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన తరువాత, వెనక్కి తీసుకున్న సరుకును లెక్కలో చూపాలంటే దాన్ని అమ్మిన బిల్లుతో ముడిపెట్టాలి. ఆ బిల్లు లేకుండా డబ్బు తిరిగి ఇచ్చేస్తే అతడు కట్టిన పన్ను అతని చేతి నుంచే పోతుంది. కాబట్టి డబ్బు అడగకు, మార్పిడి అడుగు. ‘ఇవి పెళ్ళిలో వచ్చాయి, ఇలాంటిదే ఇంకొకటి కూడా వచ్చింది, బిల్లు లేదు, దీని బదులు మీ దుకాణంలోదే వేరే వస్తువు తీసుకుంటాను, తేడా ఉంటే ఇస్తాను’ అని ఉన్నదున్నట్టు చెప్పు. నేనే కొన్నాను, బిల్లు పోయింది అని అనకు. అది అబద్ధం, పైగా ఎప్పుడు కొన్నావు, ఎంతకు కొన్నావు అన్న రెండో ప్రశ్నకే నీవు తడబడతావు, ఆ తరువాత నీవు చెప్పే నిజాన్ని కూడా అతడు నమ్మడు.

వెళ్ళేటప్పుడు వస్తువు ఒక్కటే కాదు, అట్టపెట్టె, లోపలి థర్మాకోలు, ప్లాస్టిక్ కవరు, వారంటీ కార్డు, దుకాణం సంచి అన్నీ పట్టుకువెళ్ళు. పెట్టె మీద గాని వస్తువు అడుగున గాని దుకాణం అంటించిన బార్‌కోడు స్టిక్కరు ఉంటుంది. గిఫ్టు అని ధర గీకేసినా బార్‌కోడు మిగిలితే చాలు, అది స్కాన్ చేయగానే సరుకు తమదో కాదో కంప్యూటరు చెబుతుంది. పెద్ద షోరూముల్లో కొన్నవారి ఫోను నంబరు మీదనే బిల్లు నిలువ ఉంటుంది గనుక, ఇచ్చినవారు దగ్గరివారైతే బిల్లు కాగితం అడగనవసరం లేదు, ఏ నంబరు చెప్పి కొన్నారో కనుక్కుంటే సరిపోతుంది. ‘పిన్నీ, మీరిచ్చిన మిక్సీ లాంటిదే ఇంకొకటి వచ్చింది, మీ పేరు మీద గ్రైండరు తీసుకుంటాను’ అంటే సంతోషించే పిన్నులే ఎక్కువ. అడిగితే నొచ్చుకుంటారని నీకు తోచినవారిని మాత్రం అడగకు, ఆ ఒక్క వస్తువుకు నాలుగు వందలు తక్కువ వచ్చినా పరవాలేదు.

శని, ఆదివారాల్లో, ముహూర్తాల రోజుల్లో వెళ్ళవద్దు. రద్దీ లేని వారం మధ్యలో, ఉదయం బేరాలు మొదలై కాస్త కుదుటపడ్డాక వెళ్ళి, కౌంటరులో కుర్రవాడితో కాకుండా యజమానితో గాని మేనేజరుతో గాని మాట్లాడు. బిల్లు లేనప్పుడు ఆ వస్తువుకు ఈ మధ్య తాము ఇచ్చిన అతి తక్కువ ధరనే కట్టడం రివాజు, దానికి ఒప్పుకో. నచ్చని వస్తువును వెనక్కి తీసుకోవడం వ్యాపారి మంచితనమే తప్ప మన హక్కు కాదని గుర్తుంచుకుంటే మాట సౌమ్యంగా వస్తుంది.

లోపమున్న వస్తువు సంగతి వేరు. 2020 జూలై నుంచి అమలులో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం, కొన్నవారి అంగీకారంతో వాడుకునేవారిని కూడా వినియోగదారుగానే గుర్తిస్తుంది. కనుక కానుకగా వచ్చిన కుక్కరు పనిచేయకపోతే అడిగే హక్కు నీకూ ఉంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఇక్కడ రుజువు అవసరం కాబట్టి ఇచ్చినవారిని బిల్లు అడగడానికి సంకోచించకు. మాటతో తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యి. ఆన్‌లైన్‌లో కొని పంపినవాటికి మాత్రం తిరుగు దారి సాధారణంగా ఆర్డరు పెట్టినవారి ఖాతా నుంచే ఉంటుంది, డబ్బు కూడా వారికే చేరుతుంది. గడువు కొద్ది రోజులే కనుక అలాంటివి ఇప్పటికే దాటిపోయి ఉంటాయి.

వెండి బంగారాల దగ్గర కాస్త నిదానించు, అసలు నష్టం అక్కడే జరుగుతుంది. కుంకుమ భరిణెలు, కుందులు, గంధం గిన్నెలు అన్నీ వెండివే అనుకోకు. జర్మన్ సిల్వర్ పేరుతో వచ్చేవాటిలో రాగి, నికెల్, జింకు తప్ప వెండి చుక్క కూడా ఉండదు, వాటిని వెండి అని ఎవరికీ చెప్పి అమ్మవద్దు, ఇవ్వవద్దు. పీటల వంటివాటిలో చెక్క మీద వెండి రేకు తొడుగుతారు, కొన్ని విగ్రహాల లోపల లక్క పోస్తారు. అలాంటివి తూకానికి పెడితే వెండి బరువు మాత్రమే కడతారు. వస్తువు మీద 800, 925, 990 వంటి అంకె ఉంటే అది వెయ్యి పాళ్ళలో వెండి ఎంతో చెప్పే గుర్తు. వెండికి కూడా 2025 సెప్టెంబరు 1 నుంచి గుర్తింపు సంఖ్యతో కూడిన హాల్‌మార్కింగు, అంటే స్వచ్ఛతను పరీక్షించి వేసే అధికారిక ముద్ర, స్వచ్ఛంద పద్ధతిలో మొదలైంది గానీ, మనకు వచ్చే చదివింపుల్లో ఆ ముద్ర లేనివే ఎక్కువ. మీ ఇద్దరి పేర్లూ చెక్కించి ఇచ్చిన కంచాన్ని ఏ దుకాణమూ వస్తువుగా తీసుకోదు, కరిగించే ధరే కడుతుంది. దాన్ని ఉంచుకోవడమే మేలు.

బంగారు ఉంగరాలకు బిల్లు లేదని బెంగపడకు. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణాలు హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు ఉండే, ఆ నగకే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య ముద్రించిన నగలనే అమ్మాలి; రెండు గ్రాముల లోపు చిన్న వస్తువులకు మినహాయింపు ఉంది. భూతద్దంతో ఆ ముద్ర చూసి, ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ సంఖ్య కొడితే ఏ నగ, ఎంత స్వచ్ఛత, ఏ వ్యాపారి పేరున, ఏ కేంద్రంలో ముద్ర పడిందీ కనిపిస్తుంది. ఆ పేరు కొన్నిసార్లు హోల్‌సేల్ వారిది కావచ్చు. మనకు తెలిసిన దుకాణానిదే అయితే నేరుగా అక్కడికే వెళ్ళు, సొంత సరుకుకు తరుగు తక్కువ పట్టే దుకాణాలు చాలా ఉన్నాయి. 916 అంటే 22 క్యారెట్లు, 750 అంటే 18 క్యారెట్లు. ముద్ర లేకపోయినా మన నగను మనం అమ్ముకోవడానికి అడ్డు లేదు. ఆ రోజు ధర తెలుసుకుని వెళ్ళు, రాళ్ళ బరువు ఎంత తీశారో విడిగా రాయించుకో, కరిగిస్తామంటే ముందూ తరువాతా నీ ఎదుటే తూకం వేయమను. కొన్నప్పుడు పెట్టిన మజూరీ, 3 శాతం జీఎస్టీ తిరిగి రావు, కాబట్టి అవసరం లేకుండా చిన్న ఉంగరాలను అమ్మడం నాకు ఇష్టం లేదు. నాలుగు కలిపి నీకు నచ్చిన ఒక్క నగగా మార్పించుకో. బ్యాంకులో కొన్న బంగారు నాణెం ఉంటే దాన్ని బ్యాంకు తిరిగి కొనదు, అది కూడా నగల దుకాణానికే వెళ్ళాలి. పెళ్ళి సందర్భంగా మీకు వచ్చిన కానుకల మీద ఆదాయపు పన్ను లేదు; అయితే ఆ బంగారాన్ని అమ్మినప్పుడు వచ్చే లాభం పన్ను లెక్కలోకి వస్తుంది, ఆ లాభాన్ని ఇచ్చినవారు కొన్న ధర నుంచి కడతారు. అందుచేత మీ అమ్మానాన్నలు పెట్టినవాటి బిల్లులు మాత్రం ఇప్పుడే అడిగి తెచ్చుకో.

చీరల విషయం నీకే బాగా తెలుసు. ట్యాగు తెంపకుండా, ఫాల్ కుట్టించకుండా, మడత మార్చకుండా ఉంటే మార్పిడికి ఆశ ఉంటుంది. ఆషాఢం డిస్కౌంటులో కొన్నవాటిని చాలా దుకాణాలు మార్చవు. పట్టుచీరకు సిల్క్ మార్క్ లేబులు ఉంటే దాన్ని తీసేయకు, బిల్లు లేనప్పుడు అసలు పట్టు అని చూపడానికి అదే ఆధారం. జాకెట్టు ముక్కలు తాంబూలాలలో ఇంటింటికీ తిరగడం మన ఆచారమే, వాటికి ఆలోచన అక్కరలేదు. చీరను మరొకరికి పెట్టదలిస్తే మాత్రం పెట్టె లోపల పేరు చీటీ మిగిలిపోయిందేమో చూడు, ఇచ్చిన కుటుంబంలోకే అది తిరిగి చేరకుండా నీ పుస్తకంలోని పేరు చూసుకో.

మార్పిడి కుదరని మిక్సీలు, డిన్నర్ సెట్లు అమ్ముకోవలసిందే. ఎంఆర్‌పీ చూసి ధర పెట్టకు. అదే మోడలు ఇవాళ ఆన్‌లైన్‌లో ఎంతకు దొరుకుతోందో చూసి, సీలు విప్పనిదైనా కనీసం పావు వంతు తగ్గించు, లేకపోతే బిల్లూ వారంటీ ఉన్న కొత్తదాన్ని వదిలి నీ దగ్గర ఎవరూ కొనరు. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, వాటి ఫొటో కూడా పెట్టు. ‘కానుకగా వచ్చింది, బిల్లు లేదు, వారంటీకి కంపెనీ ఒప్పుకోకపోవచ్చు’ అని ముందే రాయి. కొన్నవారికి వస్తువు పేరు, సీరియల్ నంబరు, తేదీ, పుచ్చుకున్న మొత్తం రాసి సంతకం చేసి ఇవ్వు, నీ దగ్గర ఒక ప్రతి ఉంచుకో. మీ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు మంచిదే గానీ అందులో బంధువుల స్నేహితులు ఉంటారేమో చూసుకో, ఇచ్చినవారి పేర్లున్న రంగు కాగితాలు ఫొటోలో పడనీయకు.

ఓఎల్ఎక్స్ వంటి, ఇంట్లోని వస్తువులు అమ్ముకునే వెబ్‌సైట్లలో పెడితే వస్తువు చూడకుండానే, బేరం ఆడకుండానే, సైన్యంలో పనిచేస్తున్నానంటూ డబ్బు పంపుతాననేవారు ఫోన్ చేస్తారు. క్యూఆర్ కోడు పంపి స్కాన్ చేయమంటారు. డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ పిన్ ఎన్నడూ కొట్టనవసరం లేదు. కొట్టమన్నవాడు మోసగాడే, ఆ ఫోను పెట్టేయి. పొరపాటున డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. కొనేవారిని ఇంట్లోకి పిలవకుండా, సెక్యూరిటీ ఉన్న గేటు దగ్గర అల్లుడు పక్కన ఉండగా వస్తువు అందించు.

మూడు మిక్సీలలో ఏది ఉంచుకోవాలని అడిగావు. మీ ఇంటికి దగ్గరలో ఏ కంపెనీ సర్వీసు సెంటరు ఉందో దానిదే ఉంచుకో, మిగిలిన రెండింటి పెట్టెలూ విప్పవద్దు. వెండి తూకం వేయించిన రోజు ఆ చీటీ ఫొటో తీసి నాకు పంపు, ధర సరిగా కట్టారో లేదో చూసి సాయంత్రంలోగా చెబుతాను, అప్పటిదాకా అమ్మకానికి ఒప్పుకోకు.

ఇట్లు,
మీ పెదనాన్న