ఊరికే బస దొరుకుతుంది, మొహమాటం మాత్రం వదులుకోవాలి

సందేహం: అన్నా, నేను కెమ్నిట్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. సెలవుల్లో పారిస్, రోమ్ చూడాలని ఉంది. హాస్టల్ ఖర్చు తలుచుకుంటేనే భయమేస్తోంది. ముక్కూమొహం తెలియనివాళ్ళు వాళ్ళింట్లో ఊరికే ఉండనిస్తారని మా రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనా, ఇందులో ఏదైనా మెలిక ఉందా?

జవాబు: నిజమే తమ్ముడూ. జర్మనీ వచ్చిన రెండో ఏడాది నుంచి నేనూ అలాగే తిరిగాను. పెళ్ళయ్యాక స్టుట్‌గార్ట్‌లో మా హాల్లో సోఫా మీద బోలెడుమంది పడుకుని వెళ్ళారు. మెలిక ఒక్కటే. డబ్బు తీసుకోరు గానీ నీతో ఒక సాయంత్రం గడపాలనుకుంటారు. అర్ధరాత్రి వచ్చి పడుకుని, తెల్లారగానే చెక్కేద్దామనుకుంటే హాస్టల్‌కి వెళ్ళడమే మర్యాద.

ఈ పద్ధతి ఇంటర్నెట్‌తో పుట్టిందేమీ కాదు. ఒక దేశంవాళ్ళు ఇంకో దేశంవాళ్ళ ఇంట్లో ఉంటే యుద్ధాలు తగ్గుతాయన్న ఆశతో 1949లో డెన్మార్క్‌లో సర్వాస్ అనే సంస్థ మొదలైంది. అందులో చేరాలంటే ఇప్పటికీ ఎవరో ఒకరు కూర్చోబెట్టి మాట్లాడతారు. మామూలుగా రెండు రాత్రులు ఉండనిస్తారు. మీ తరానికి తెలిసింది కౌచ్‌సర్ఫింగ్ అనే వెబ్‌సైట్. 2004లో వచ్చింది, 2011లో లాభాల కంపెనీగా మారింది, 2020 మే నుంచి సభ్యత్వానికి డబ్బు కట్టించుకోవడం మొదలుపెట్టింది. దాంతో అలిగి బయటికొచ్చిన పాతకాపులు బీవెల్‌కమ్, ట్రస్ట్‌రూట్స్ అనే ఇలాంటివే ఇంకో రెండు సైట్లలో కనిపిస్తారు. ఆ రెండూ ఉచితం. సైకిల్ మీద దూరాలు తిరిగేవాళ్ళకైతే వార్మ్‌షవర్స్ ఉంది.

మొదటిసారే పారిస్, రోమ్ పెట్టుకోకు. అక్కడ అడిగేవాళ్ళెక్కువ, ఇచ్చేవాళ్ళు తక్కువ. ఫ్రాన్స్‌లోనైతే స్ట్రాస్‌బూర్‌లో, ఇటలీలోనైతే బొలోన్యాలో మొదలుపెట్టు. రాసేటప్పుడు వాళ్ళ పరిచయం చివరిదాకా చదివి రాయి. మనవాళ్ళ నుంచి నాకొచ్చే ఉత్తరాలు సగం 'రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ అకామడేట్ మీ' అని సెలవు చీటీలా ఉంటాయి. అందులో నా పేరు కూడా ఉండదు, ఇంకో పదిమందికి అదే పంపారని తెలిసిపోతుంది.

ఇక అసలు సంగతికొస్తా. నేను మొదట దిగింది లైప్‌జిగ్‌లో, రిటైరైన ఒక టీచరమ్మ ఇంట్లో. ఆదివారం సాయంత్రం. బల్లమీద రొట్టె, చీజ్, టమాటా ముక్కలు, ఊరబెట్టిన దోసకాయలు పెట్టి 'తింటావా?' అంది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. అయినా అలవాటు కొద్దీ 'నో, థాంక్యూ' అన్నాను. మన లెక్క నీకు తెలుసుగా, రెండోసారి అడుగుతారు, మూడోసారి కంచంలో వేసేస్తారు. ఆవిడ 'గుట్' అని చీజ్ డబ్బా మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేసింది. ఆదివారం ఇక్కడ కొట్లుండవు. అర్ధరాత్రి దాటాక బ్యాగ్‌లోంచి అమ్మ పంపిన సున్నుండల డబ్బా తీసి, మూత చప్పుడు కాకుండా బొటనవేలితో అదిమి తెరిచి, చీకట్లో నాలుగు తిన్నాను. పొద్దున దిండు మీద మినపపిండి చూసి ఇదేమిటంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, 'ఇక్కడ అవునంటే అవును, కాదంటే కాదు' అంది. మిగిలిన రెండు సున్నుండలూ తనే తినేసింది.

కాబట్టి ఆకలైతే తింటానను. బాత్రూమ్ నేలకి నీళ్ళు పోయే తూము ఉండదు, మగ్గుతో గుమ్మరించకు, పడిన నీళ్ళు తుడిచి రా. చెప్పులు గుమ్మం దగ్గరే. రాత్రి పది దాటితే ఇంటికి వీడియో కాల్‌లో అరుపులొద్దు. వండిపెడతానంటే చాలా సంతోషిస్తారు, కానీ ఎండుమిరపకాయలతో పోపు పెట్టేముందు కిటికీ తెరువు. ఒక ఇంట్లో నా పోపుకి పొగ అలారం మోగి, పైఅంతస్తు వాళ్ళు దిగొచ్చారు. నన్నడిగితే పులిహోర చెయ్యి. చల్లారినా తినొచ్చు, రాత్రిపూట చల్లటి తిండి వాళ్ళకి అలవాటే.

మొహమాటం ప్రమాదంలోకి కూడా నెడుతుంది. ఒక ఊళ్ళో తలుపు తీసినతను 'నాకున్నది ఒకే మంచం, సర్దుకుందాం' అన్నాడు. ముందు రాసిందేమో వేరే గది అని. బాగోదని గంటన్నర కూర్చున్నాను, అదీ నా బుద్ధి. ఆఖరికి బ్యాగ్ తీసుకుని స్టేషన్ పక్క హాస్టల్‌కి పోయాను. మొహమాటం మీద మనకో మోటు సామెత ఉందిగా, ఇక్కడ రాయను. ఒక రాత్రి హాస్టల్‌కి సరిపడా డబ్బు ఎప్పుడూ విడిగా ఉంచుకో. అడ్రసు ఒక స్నేహితుడికి పంపు. ఉండి వెళ్ళినవాళ్ళు రాసినవాటిలో ముందు చెడ్డవి చదువు. ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లలకి నేను చెప్పేది ఒకటే, ఆడవాళ్ళ ఇళ్ళో కుటుంబాలో చూసుకోండమ్మా. ఎవరేమనుకున్నా పర్లేదు.

కాగితాల సంగతి. జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉంటే షెంగెన్‌లోని (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి) మిగతా దేశాల్లో 180 రోజుల్లో 90 రోజులు తిరగొచ్చు, పాస్‌పోర్టు కూడా వెంట ఉండాలి. ఇటలీలో ఐరోపా యూనియన్ బయటివాళ్ళని ఇంట్లో ఉంచుకుంటే 48 గంటల్లో పోలీసులకు తెలియజేయాలి. అందుకే అక్కడ పాస్‌పోర్టు అడిగితే అనుమానించకు. తోటపని చేసి బస తీసుకునే వర్క్‌అవే లాంటివి వేరే సంగతి. జీతం లేకపోయినా దాన్ని పనిగా లెక్కగట్టే దేశాలున్నాయి, విద్యార్థి వీసా మీద అడక్కుండా దిగకు. అమ్మానాన్నల షెంగెన్ వీసాకి ఇలా ఊరికే బస ఇచ్చేవాళ్ళ అడ్రసు పెట్టి దరఖాస్తు చెయ్యొద్దు. నువ్వు పిలిపిస్తున్నట్టయితే నువ్వుండే ఊరి విదేశీయుల కార్యాలయంలో ఖర్చుల హామీపత్రం తీసుకోవాలి, లేదంటే హోటల్ బుకింగ్ చూపించాలి.

నీ గదికీ నలుగురినీ పిలువు, ఫ్లాట్‌లో మిగతావాళ్ళని అడిగి మాత్రమే. కొద్దిరోజులకి అతిథి రావడానికి ఇంటి ఓనరు అడ్డు చెప్పడు. డబ్బు తీసుకున్నావంటే మాత్రం అది ఉప అద్దె, ఆయన అనుమతి లేకపోతే ఇల్లు ఖాళీ చేయిస్తాడు.

మా ఇంటికొచ్చిన మొదటి అతిథి ఒక ఫిన్లాండ్ కుర్రాడు. మా ఆవిడ ఇంకో రెండు ఇడ్లీలు వేసుకోమంది, వద్దన్నాడు. మళ్ళీ అడిగింది, వద్దన్నాడు. మూడోసారి వేసేసింది. తిని, నన్ను బాల్కనీలోకి పిలిచి మెల్లగా అడిగాడు, 'ఈ ఇంట్లో ఎన్నిసార్లు వద్దంటే వద్దని అర్థం?'