బుడతకీచులు, ఒలందులు, పరాసులు: ఈ పేర్లలో వెక్కిరింత ఉందా?

సందేహం: కోస్తా చరిత్ర మీద వచ్చిన ఒక పాత వ్యాసంలో ‘బుడతకీచులు’, ‘ఒలందులు’, ‘పరాసులు’ అని వరుసగా కనిపించాయి. సందర్భాన్ని బట్టి వీరు ఐరోపా వర్తకులని తెలిసింది. బుడత అంటే చిన్నవాడు, కీచు అంటే సన్నని గొంతు కనుక, ‘బుడతకీచు’ అనేది పరాయివారిని వెక్కిరిస్తూ మనవాళ్లు పెట్టిన పేరని మా తెలుగు మాస్టారు చెప్పేవారు. ఇది నిజమేనా? ఇప్పుడు రాసే వ్యాసాలలో ఈ మాటలు వాడవచ్చునా, లేక ‘పోర్చుగీసులు’ అనే రాయాలా?

సమాధానం: మీ మాస్టారు చెప్పిన వ్యుత్పత్తి చాలామంది నోట వినబడేదే కాని, అది నిలవదు. ‘బుడతకీచు’లో బుడతడూ లేడు, కీచుగొంతూ లేదు. తెలియని మాటను తెలిసిన ముక్కలుగా విరిచి అర్థం చెప్పుకోవడం జనంలో ఎప్పుడూ ఉన్నదే. అయితే మీరు చదివిన వరుసలోనే ఉన్న ఒలందు, పరాసు అనే మాటలను అలా విరిచి చూడండి, ఏమీ తేలదు. మూడూ ఒకే రకం మాటలు, మూడూ ఆయా దేశాల పేర్ల నుంచి పుట్టినవి. పోర్చుగల్ వారు తమను తాము చెప్పుకొనే మాట నేటి లిస్బన్ ఉచ్చారణలో దాదాపు ‘పుర్తుగేష్’ అని వినబడుతుంది. ఆ మాటే తెలుగు నోట బుడతకీచు అయింది.

ఈ మార్పు ఎలా జరిగిందో కొంచెం నిదానంగా చూడాలి. ‘ర్త’ అనే సంయుక్తాక్షరం తెలుగు నోటికి బరువు. రత్నాన్ని రతనం, యత్నాన్ని జతనం చేసుకున్న నాలుకే ఇక్కడ కూడా రెండు హల్లుల మధ్య అచ్చును చేర్చి విడదీసింది, ఆ విడదీతలో రేఫ డకారమయింది. చివరి ఊష్మధ్వని ‘ష్’, ‘చు’ కావడం వింతేమీ కాదు, ఎందుకంటే చకార సకారాల రాకపోకలు మన వ్యాకరణానికి బాగా పరిచయమైనవే. ‘వాడు చేసె’ అన్నది ‘వాడుసేసె’ అయ్యే గసడదవాదేశంలో చకారానికి సకారం వస్తుంది, ఇక్కడ అదే దారిలో ఎదురు నడక జరిగింది. హల్లుతో ముగిసే పరాయి మాటకు చివర ఉకారం చేర్చుకోవడం మనకు ఎంత సహజమో బస్సు, కారు అనే మాటలే చెబుతాయి. మిగిలినవి మొదటి పకారం బకారం కావడం, నడిమి గకారం కకారం కావడం. అరబ్బీలో పకారం లేదు కనుక ఆ భాషవారు ఈ దేశాన్ని ‘బుర్తుగాల్’ అంటారు. తమిళంలో ప, బలకు ఒకటే అక్షరం, క, గలకూ ఒకటే. పోర్చుగీసువారు కోరమండల్ తీరాన గట్టిగా పాతుకున్న శాంథోమ్, నాగపట్నం రెండూ తమిళ సీమలోనివి. ఈ పేరు తెలుగు తీరానికి నేరుగా కాక, అరబ్బీ వర్తకుల నోటనో తమిళ నావికుల నోటనో వచ్చిందని నా ఊహ.

ఈ ఊహకు ఊతమిచ్చే సంగతి ఒకటి ఉంది. 1497 జులైలో లిస్బన్ విడిచిన వాస్కో డ గామా ఓడలు 1498 మే నెలలో కేరళ తీరంలోని కళ్లికోట (కాలికట్) దగ్గర లంగరు వేశాయి. ఒడ్డుకు పంపిన మనిషిని స్థానికులు తీసుకువెళ్లింది ట్యునిస్ నుంచి వచ్చి అక్కడ ఉంటున్న ఇద్దరు మహమ్మదీయుల దగ్గరకు. వారికి స్పెయిన్‌వారి కాస్టీలియన్, ఇటలీలోని జెనోవా భాషలు వచ్చు. ఏ దయ్యం మిమ్మల్ని ఇంతదూరం తెచ్చిందని వారు అడిగారనీ, క్రైస్తవులను, సుగంధద్రవ్యాలను వెదుక్కుంటూ వచ్చామని ఇతడు బదులు చెప్పాడనీ ఆ ప్రయాణంలో పాల్గొన్న ఒకరు రాసిన దినచర్యలో ఉంది. ఆఫ్రికాను చుట్టి వచ్చిన ఆ తొలి ఓడలవారు కళ్లికోటలో నోరు విప్పి మాట్లాడగలిగింది ఉత్తరాఫ్రికా వాసులతో! హిందూ మహాసముద్రపు రేవులలో అరబ్బీ, పారసీకం తెలిసిన వర్తకులు అప్పటికే ఎన్నో తరాలుగా ఉన్నారు. కొత్తగా వచ్చినవారి పేరు ముందుగా వారి నోటనే నలిగిందనుకోవడంలో తప్పులేదు.

‘పోర్చుగీసు’ అనే రూపం సంగతి వేరు. అందులోని ‘చు’ ఇంగ్లీషు ఉచ్చారణ నుంచి వచ్చింది, పోర్చుగల్ వారు పలికే ఈ మాటలో ఆ ధ్వని లేదు. అంటే మనం శుద్ధమనుకొని రాస్తున్న మాట ఇంగ్లీషు చదువుతో వచ్చినది, మోటుగా తోచే మాట రేవులలో చెవిన పడి నిలిచినది. ‘బుడతకీచు’ను తప్పుగా పలికిన పోర్చుగీసు అనుకోవడం సరికాదు, దాని దారి దానిది.

ఒలందుల పేరు ఇంకా ముచ్చటైనది. హాలండ్‌ను పోర్చుగీసు భాషలో ‘ఒలాందా’ అంటారు. రాతలో మొదట హకారపు అక్షరం ఉన్నా ఆ భాషలో దానిని పలకరు. మన ‘ఒలందా’లో హకారం లేకపోవడానికీ, చివర దీర్ఘం ఉండడానికీ అదే కారణం. హాలండ్‌వారు, అంటే డచ్చివారు, తెలుగు తీరానికి వచ్చేసరికి వారి పేరును పోర్చుగీసు భాష అప్పటికే సిద్ధంగా ఉంచిందన్నమాట. ఆనాటి రేవులలో పోర్చుగీసు వాడుక అంతగా పాతుకుపోయింది. ఇంగ్లీషు కంపెనీకి 1698లో ఇచ్చిన సన్నదులో, ఇక్కడికి వచ్చే మతగురువులు ఏడాదిలోగా పోర్చుగీసు నేర్చుకోవాలని షరతు పెట్టారంటే, ఇంగ్లీషువారికి కూడా ఆ భాష లేనిదే పని జరగలేదని తెలుస్తుంది.

ఒకారంతో మొదలయ్యే మాటకు ముందు వకారం చేరడం తెలుగులో మామూలే. ఒళ్లు, వళ్లు అన్నట్లే ఒలందా, వలందా రెండూ ఉన్నాయి, రెండూ ఒప్పే. మచిలీపట్నంలో వలందపాలెం ఉంది, పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉన్న ఆ రేవుకు డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో వ్యాపారానికి వచ్చారు. డచ్చివారికి ముఖ్యంగా కావలసింది మన తీరపు నూలుబట్టలు. జాజికాయ, లవంగం పండే తూర్పు దీవులలో వెండి కంటె ఈ బట్టలకే గిరాకీ ఉండడం వల్ల, ఇక్కడ బట్ట కొని అక్కడ సుగంధద్రవ్యాలకు మారకం వేసేవారు. అద్దకపు బట్ట కోసం వచ్చినవారి పేరు ఈనాటికీ ఆ ఊరి పేటలలో నిలిచి ఉండడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం. మీరు చదివిన పాత వ్యాసంలోని మాటలు అక్కడ నేటికీ చిరునామాలలో పలుకుతున్నాయి.

‘పరాసు’ ఫ్రాన్సు నుంచి వచ్చింది. ‘ఫ్ర’ విడిపోయి, అచ్చ తెలుగు పలుకుబడిలో లేని ఆ ‘ఫ’ ధ్వని పకారమయింది. దీనికీ ‘పరంగి’కీ చుట్టరికం ఉంది. ఫ్రాంకులు అనే జాతి పేరును అరబ్బులు, పారసీకులు పశ్చిమ ఐరోపావారందరికీ వర్తింపజేసి ‘ఫిరంగీ’ అన్నారు. ఆ జాతి పేరే ఫ్రాన్సు దేశానికీ పేరయింది. ఈ ఫిరంగీ పోర్చుగీసువారి కంటె ముందే ఆసియా భాషలలో ఉన్న మాట. వారు వచ్చాక వారికి అతుక్కుంది, వారు తెచ్చిన ఆయుధానికీ అతుక్కుంది. 1526లో పానిపట్టు యుద్ధంలో పేలిన ఫిరంగీల ప్రస్తావన బాబరు స్వీయచరిత్రలోనే ఉంది. తెలుగులో ఆయుధం అనే అర్థమే గట్టిపడి, మనుషులు అనే అర్థం పలచబడింది. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు, స్పెయిన్ నావికుల ద్వారా ఆసియాకు చేరిన బొప్పాయిని రాయలసీమలో పరంగికాయ అంటారు. ఒకే పండుకు ఒకచోట దాని సొంత పేరు, మరొకచోట తెచ్చినవారి పేరు నిలిచాయి. కనుక చరిత్ర రాసేటప్పుడు ‘ఫిరంగులు దిగాయి’ అంటే ఆయుధాలు, ‘ఫిరంగీలు దిగారు’ లేదా ‘పరంగులు దిగారు’ అంటే మనుషులు. ఈ భేదం పాటించకపోతే వాక్యం తారుమారవుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. బుడతకీచు, ఒలందు, పరాసు అనేవి వాడుకలో మనుషులను చెప్పే నామవాచకాలుగానే స్థిరపడ్డాయి కనుక వాటికి నేరుగా బహువచనపు ‘లు’ చేరుతుంది. పోర్చుగీసు, డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు అనేవి ముందుగా భాషకు పేర్లు, విశేషణాలు. ‘ఇంగ్లీషులు వచ్చారు’ అని ఎవరూ రాయరు, ‘ఇంగ్లీషువారు’ అంటారు. అదే పద్ధతిలో ‘పోర్చుగీసువారు’ అనడమే మేలు. ‘పోర్చుగీసులు’ పత్రికలలో వినియోగం పెరిగిన రూపమే అయినా, నా చెవికి అది ఇమడదు.

పాత మాటలు వాడవచ్చునా అంటే, నిస్సంకోచంగా వాడవచ్చు, వాటిలో నిందార్థం లేదు. అయితే కాలాన్ని చూసుకోవాలి. పదహారు, పదిహేడు శతాబ్దాల రేవుల గురించి రాస్తున్నప్పుడు తొలిసారి ‘బుడతకీచులు, అంటే పోర్చుగీసువారు’ అని విప్పి చెప్పి, ఆ తరువాత ఆ మాటతోనే సాగిపోవచ్చు. ఈనాటి పోర్చుగల్ ప్రభుత్వం గురించో పౌరుల గురించో రాసేటప్పుడు అది పొసగదు. ఒకే వాక్యంలో ‘బుడతకీచులు, డచ్చివారు, పరాసులు’ అని రెండు వరుసలను కలపకండి. పాత వరుస ఎత్తుకుంటే డచ్చివారిని ఒలందులనే అనండి. పాత రచనల నుంచి ఉదాహరిస్తున్నప్పుడు మాత్రం అక్కడ ఏ రూపం ఉంటే ఆ రూపాన్నే, ఒక్క అక్షరమైనా మార్చకుండా ఉంచాలి.