సైబర్ షాడో కొనొచ్చా? కాంట్రా ఆడి పెరిగినవాళ్లకు, పాత లాప్‌టాప్ ఉన్నవాళ్లకు నా జవాబు

మీరు అడిగింది ఇదీ: చిన్నప్పుడు టీవీ వీడియో గేమ్‌లో కాంట్రా, మారియో ఆడారు, ఈ మధ్య సైబర్ షాడో అనే గేమ్ వీడియో ఒకటి చూశారు, నింజా, రోబోలు, పాడుబడ్డ నగరం అన్నీ నచ్చాయి, కానీ అందరూ చాలా కష్టం అంటున్నారు, లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డ్ లేదు, కొనొచ్చా, పదేళ్ల మీ అబ్బాయి ఆడొచ్చా అని.

కొనండి. గ్రాఫిక్స్ కార్డ్ అక్కర్లేదు. నాది యూట్యూబ్ నాలుగు ట్యాబులు తెరిస్తే ఫ్యాను మోతెక్కిపోయే పాత లాప్‌టాప్, దాంట్లోనే మొదటి నుంచి చివరి దాకా ఆడాను, ఎక్కడా తడబడలేదు. స్టీమ్‌లో (కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ షాపు) సేల్ వచ్చేదాకా ఆగితే ఇంకా చవకగా వస్తుంది, ఇలాంటి గేమ్‌లు సేల్‌లో తరచుగానే కనిపిస్తాయి. కష్టం సంగతే కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే జనం కష్టం అంటున్నదాంట్లో సగం గేమ్‌ది కాదని నా అభిప్రాయం.

మేం తిరుపతిలో కొర్లగుంట వైపు ఉండేవాళ్లం. అప్పట్లో గంటకింత అని డబ్బులు తీసుకుని వీడియో గేమ్ ఆడించే షాపులు ఉండేవి, గుర్తుందా? పిక్చర్ ట్యూబ్ టీవీ, రెండు రిమోట్లు (కంట్రోలర్ అనే మాట మాకు తెలీదు, రిమోట్ అనే అనేవాళ్లం), క్యాసెట్ పెట్టకపోతే పిల్లలమంతా వంతులేసుకుని ఊదడం. అక్కడ కాంట్రా కోసం పోటీ ఉండేది. నింజా గైడెన్ క్యాసెట్ మాత్రం ఎప్పుడూ ఖాళీయే, ఎందుకంటే డబ్బులిచ్చి ఏడవడం ఎవరికి ఇష్టం! 1988 గేమ్ అది. అంచు మీద నిలబడి దూకబోతుంటే సరిగ్గా అప్పుడే డేగ వచ్చి గుద్దుతుంది, గుద్దితే మనవాడు వెనక్కి ఎగిరి గుంటలో పడతాడు, ఒకడిని చంపి రెండడుగులు వెనక్కేసి మళ్లీ ముందుకొస్తే చచ్చినవాడు అక్కడే నిలబడి ఉంటాడు. చివరి బాస్ (పెద్ద శత్రువు) దగ్గర చస్తే ఆ ఘట్టం (లెవెల్) మొత్తం మొదటి నుంచి ఆడాల్సిందే. ఆ క్యాసెట్‌లో సేవ్ చేసుకునే ఏర్పాటే లేదు, మనకేమో ఎండాకాలం కరెంటు కోతలు. నాలుగో ఘట్టం దాకా వచ్చాక కరెంటు పోతే షాపాయన డబ్బు వెనక్కి ఇవ్వడు, గేమూ మొదటికొస్తుంది.

ఆ కాలంలో గేమ్‌లు అలా ఉండడానికి కారణాలున్నాయి. క్యాసెట్‌లో జాగా చాలా తక్కువ, తప్పులు లేకుండా ఆడితే గంటలోపే అయిపోయే గేమ్‌ను నెలల తరబడి ఆడించాలంటే పదే పదే చంపడమే దారి. పైగా చాలా గేమ్‌ల మూలం కాయిన్ వేసి ఆడే ఆర్కేడ్ మెషిన్లలో ఉంది, అక్కడ మనం ఎంత త్వరగా చస్తే వాళ్లకు అంత త్వరగా ఇంకో కాయిన్.

సైబర్ షాడో పాత గేమ్‌ల చట్రాన్నే తీసుకుంది గానీ ఈ రెండు అవసరాలూ దానికి లేవు. దీన్ని చాలావరకు ఆర్నే హుంజికర్ అనే ఒక్క మనిషే మెకానికల్ హెడ్ స్టూడియోస్ పేరుతో తయారుచేశాడు. షవల్ నైట్ అనే గేమ్ చేసిన యాట్ క్లబ్ గేమ్స్ వాళ్లు 2021 జనవరి 26న విడుదల చేశారు. కథ చిన్నదే: మెకా సిటీ అనే నగరం నాశనమైపోయింది, డాక్టర్ ప్రోజెన్ తయారుచేసిన యంత్రాలు నింజా వంశం వాళ్లను వేటాడి వాళ్ల శక్తితో తాము నడుస్తున్నాయి, మిగిలింది షాడో అనే ఒక్కడు, వాడూ ఇప్పుడు సగం యంత్రమే. మధ్య మధ్యలో పాత నింజా గైడెన్‌లో లాగా బొమ్మలతో కథ చెప్పే సన్నివేశాలు వస్తాయి. కథ కోసం మాత్రం కొనకండి, బొమ్మల కోసం చూడండి.

ఆటలో ఏం మారిందంటే, లైఫ్‌లు లేవు. మూడు లైఫ్‌లు, గేమ్ ఓవర్, కంటిన్యూ అనే గోలే లేదు, ఎన్నిసార్లు చచ్చినా దగ్గర్లోని చెక్‌పాయింట్ (అక్కడిదాకా వచ్చినట్టు గేమ్ గుర్తుపెట్టుకునే చోటు) నుంచి మళ్లీ మొదలు. కాంట్రాలో ముప్పై లైఫ్‌ల కోసం పైకి పైకి కిందికి కిందికి అని నొక్కిన చేతులకు ఇది కాస్త కొత్తగానే ఉంటుంది. ఇంకా నాకు బాగా నచ్చింది, చెక్‌పాయింట్ల దగ్గర పెట్టిన చిన్న బేరం. దారిలో శత్రువులను చంపితే, పెట్టెలు పగలగొడితే ఎసెన్స్ అని వస్తుంది. చెక్‌పాయింట్‌లో ఆ ఎసెన్స్ పోస్తే అక్కడ ప్రాణం నిండే ఏర్పాటో, నింజా శక్తి నిండే ఏర్పాటో, చేతికి ఒక ఆయుధమో తెరుచుకుంటుంది. అన్నిటికీ చాలదు. ఇక్కడ ఖర్చు పెట్టాలా, బాస్ ముందు ఉండబోయే దానికి దాచుకోవాలా? నేను పిసినారిగా దాచుకునే రకం. నా స్నేహితుడొకడు ఎక్కడికక్కడ పోసేస్తాడు. ఇద్దరికీ గేమ్ గడిచింది. కష్టాన్ని ఎంత ఉంచుకోవాలో హుంజికర్ ఆడేవాడి చేతికే ఇచ్చాడన్నమాట, మెనూలో ఈజీ, నార్మల్ అని అడగకుండానే.

అయినా సుళువు మాత్రం కాదు. దెబ్బ తగిలితే వెనక్కి ఎగిరిపడటం అనే పాత రోగాన్ని కావాలనే ఉంచాడు, కాబట్టి గుంటల పక్కన గుండె దడే. ముళ్ల మీద పడితే ప్రాణం ఎంత ఉన్నా ఒక్కసారికే పోతుంది. మొదట్లో చేతనయ్యేది కత్తి తిప్పడం, దూకడం, అంతే. షురికెన్ (విసిరే నక్షత్రం లాంటి ఆయుధం), కిందికి పొడిచే దెబ్బ, గోడను పట్టుకోవడం ఇవన్నీ ఒక్కొక్కటే తర్వాత వస్తాయి. నాకు అసలు మింగుడుపడనిది ఏంటంటే పరుగు. పరుగెత్తుతూ కత్తితో దూసుకుపోయే విద్య ఈ గేమ్‌లో అన్నిటికంటే సరదా అయినది, దాన్ని సగం దాటాక గానీ ఇవ్వడు! అప్పటిదాకా షాడో నడక చూస్తే నింజా లాగా ఉండదు, శ్రీవారి మెట్టు దిగి కాళ్లు పట్టేసినవాడిలా ఉంటుంది. చాలామంది మూడో నాలుగో ఘట్టంలో విసిగి ఆపేస్తారు, ఆపేసినవాళ్లే ఎక్కువగా తిడతారు. పరుగు వచ్చాక ఇది వేరే గేమ్. ఆ విద్యతో పాత ఘట్టాలకు వెళ్లి, అప్పుడు అందని మూలల్లో దాచిన ప్రాణం పెంచే వస్తువులు తెచ్చుకోవడం ఇంకో సరదా.

ఇంకోటి, శత్రువు విసిరినదాన్ని తిప్పికొట్టే విద్య. తూటా తగిలే క్షణంలో అటువైపే దిక్కు బటన్ తట్టాలి. దీన్ని వాడకుండా కూడా గేమ్ అయిపోతుంది కాబట్టి చాలామంది పట్టించుకోరు. నేర్చుకోండి. బాస్‌ల దగ్గర టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇప్పుడు కష్టం గేమ్‌ది కాదన్నాను కదా, ఆ విషయం. మా మేనల్లుడు చిత్తూరులో ఉంటాడు, ఫోన్‌లో తుపాకీ గేమ్‌లు తెగ ఆడే రకం. ఒకసారి మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకని వచ్చాడు, పొద్దున వేషాలు చూసొచ్చి, మధ్యాహ్నం ఎండకు బయటికి పోలేక ఇంట్లో కూర్చున్నాం. లాప్‌టాప్‌ను హాల్లో ఉన్న పెద్ద ఎల్ఈడీ టీవీకి కలిపి ఇచ్చాను. మొదటి ఘట్టంలోనే ఒకే గుంటలో పదే పదే పడుతున్నాడు. "ఏంది మామా ఇది, నేను ముందే నొక్కినా గదా, వాడు ఎగరడం ల్యా!" అని మొత్తుకుంటున్నాడు. సాకు చెబుతున్నాడని మా అక్క నవ్వింది. కానీ వాడు చెప్పింది నిజం. ఇప్పటి టీవీలు వచ్చిన బొమ్మను నేరుగా చూపించవు, రంగులు సరిచేసి, కదలిక నునుపు చేసి, ఆ పని అయ్యాక చూపిస్తాయి. సినిమా చూసేటప్పుడు ఆ ఆలస్యం తెలీదు. ఈ గేమ్ సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) చొప్పున నడుస్తుంది, అంటే ఒక్కో ఫ్రేముకు 17 మిల్లీసెకన్లు కూడా ఉండవు, టీవీ ఒక 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేసిందనుకోండి, ఆరు ఫ్రేములు పోయినట్టే. అంచు చివర దూకాల్సిన చోట ఆరు ఫ్రేములంటే గుంటలోనే. మన పాత పిక్చర్ ట్యూబ్ టీవీకి ఈ గొడవ లేదు, సిగ్నల్ వస్తుంటే వస్తున్నట్టే గీత గీతగా గీసేసేది. అందుకే చిన్నప్పుడు మనకు చేయి వేగంగా ఉండేదని, ఇప్పుడు వయసైపోయిందని అనుకునేవాళ్లు ఒకసారి టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టి చూడండి. పెట్టాక మావాడు ఆ గుంట దాటేశాడు, తర్వాత మొదటి బాస్ దగ్గర సాయంత్రం దాకా ఇరుక్కుపోయాడనుకోండి, అది వేరే సంగతి, అది గేమ్ కష్టమే.

ఇదే లెక్కలో కంట్రోలర్ వైరుతో ఉన్నదే తీసుకోండి, బ్లూటూత్ వద్దు. ఖరీదైనది అక్కర్లేదు గానీ ఎడమవైపు ప్లస్ గుర్తు లాంటి దిక్కుల బటన్ బాగుందో లేదో కొనేముందు నొక్కి చూడండి. చవకరకం వాటిలో కుడికి నొక్కితే కాస్త కిందికి కూడా తగులుతుంది, గాల్లో కత్తి తిప్పేటప్పుడు అలా జరిగితే షాడో కిందికి పొడుస్తూ నేరుగా పడిపోతాడు, ఆ కోపం మీరు గేమ్ మీద చూపిస్తారు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వెనక్కి పంపే వీలున్నదే చూసుకోండి. కీబోర్డుతోనూ ఆడొచ్చు, కొన్ని లాప్‌టాప్ కీబోర్డులు మూడు కీలు ఒకేసారి నొక్కితే ఒకటి మింగేస్తాయి, ముందే చూసుకోండి, అంతే.

బొమ్మల గురించి ఒక మాట. ఇది అచ్చం చిన్నప్పటి పాత వీడియో గేమ్ పెట్టెలో నడిచే గేమ్‌లా ఉంటుంది గానీ ఆ పెట్టెలో నడవదు. పాత పెట్టె తెర మీద ఒక అడ్డ గీతలో ఎనిమిది స్ప్రైట్లకు (పాత్రల బొమ్మల్లోని చిన్న ముక్కలు) మించి చూపించలేదు, అందుకే నలుగురైదుగురు శత్రువులు ఒకే వరుసలోకి వస్తే బొమ్మలు మిణుకు మిణుకుమనేవి. ఇందులో ఆ మిణుకు లేదు, తెర వెడల్పు, వెనక దృశ్యాలు పొరలు పొరలుగా కదులుతాయి. సంగీతం ఎన్రిక్ మార్టిన్‌ది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. నేను ఇప్పటికీ రేణిగుంట వైపు బస్సులో పోతూ వింటుంటాను.

ఇది వద్దనుకుంటే ఇంకేం ఉన్నాయని కింద కామెంట్లలో ఎవరో అడిగారు. ఇద్దరు కలిసి ఆడాలంటే 2020లో వచ్చిన హంట్‌డౌన్, కాంట్రా జంటగా ఆడినవాళ్లకు అదే దగ్గర. ఇంకాస్త వేగం, కాస్త తేలిక కావాలంటే బ్రెజిల్ వాళ్లు జాయ్‌మాషర్ 2023లో తెచ్చిన వెంజ్‌ఫుల్ గార్డియన్: మూన్‌రైడర్, అందులో పరుగు మొదటి నుంచే ఉంటుంది. కథ కావాలంటే 2019 నాటి కటానా జీరో, ఒక్క దెబ్బకే చస్తాం గానీ కాలాన్ని నెమ్మదింపజేసే శక్తి ఉంటుంది, చచ్చిన వెంటనే ఆ గది మళ్లీ మొదలవుతుంది, 2024లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఫోన్లలోకి కూడా వచ్చింది గానీ 2025లో నెట్‌ఫ్లిక్స్ దాన్ని తీసేసింది. ఫోన్ తెర మీద వేళ్లతో ఇలాంటి గేమ్ ఆడటం మాత్రం నావల్ల కాదు.

మీ అబ్బాయి విషయానికొస్తే, సైబర్ షాడోలో కొట్టేది ఎక్కువగా యంత్రాలనే, కొన్ని చోట్ల మనుషులను యంత్రాలకు తగిలించినట్టు కనిపించే బొమ్మలు కాస్త భయపెట్టొచ్చు, పక్కన కూర్చుంటే ఫర్వాలేదు. వాడు పట్టుదల రకమైతే ఆడతాడు, చిరాకు రకమైతే ముందు షవల్ నైట్ ఇవ్వండి. కటానా జీరో మాత్రం పిల్లలకు వద్దు, నెత్తురు, మత్తుమందులు కథలోనే ఉన్నాయి, అది వాడు పడుకున్నాక మీరు ఆడుకోండి.