తొమ్మిది సోడియం పరమాణువులతో బతుకుతెరువు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి మహబూబ్‌నగర్‌లో బీఎస్సీ ఎంపీసీ చివరి ఏడాది చదువుతోంది. విద్యుదావేశం ఉన్న లోహ క్లస్టర్ల మీద పరిశోధన చేస్తానంటోంది. బీఈడీ చేయించమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, జడ్చర్ల

జవాబు: ముందు మీ అమ్మాయిని అంతగా ఆకట్టుకున్నదేమిటో చూడండి. కొన్ని పరమాణువులు జట్టుకడితే క్లస్టర్. సోడియంలో 8, 20, 40 పరమాణువుల జట్లు మిగతావాటికంటే స్థిరంగా ఉంటాయని 1984లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చూపారు. ఒక్కో పరమాణువు ఒక్కో ఎలక్ట్రాన్‌ను ఉమ్మడిలో కలుపుతుంది. ఎనిమిది చేరేసరికి షెల్, అంటే ఎలక్ట్రాన్లు ఉండే పొర, నిండుతుంది. అందుకే 8 పరమాణువుల క్లస్టర్ నుంచి ఎలక్ట్రాన్‌ను లాగడం కష్టం, 9 ఉన్నదాని నుంచి తేలిక. ఆ తొమ్మిదో ఎలక్ట్రాన్ పోతే మిగిలేవి ఎనిమిదే కనుక ధనావేశం వచ్చిన క్లస్టర్ నిలకడగా ఉంటుంది. మరొకటి కూడా తీస్తే? చిన్న క్లస్టర్ అయితే ఆవేశాల వికర్షణకు ముక్కలైపోతుంది. రెండు ధనావేశాలను ఓర్చుకోవాలంటే సోడియంలో సుమారు 27 పరమాణువులు ఉండాలి. డిగ్రీలోనే ఇలాంటి విషయం మీద మనసు పడే పిల్లలు అరుదు. దయచేసి ఆ ఆసక్తిని చల్లార్చకండి.

ఉద్యోగం సంగతి. క్లస్టర్ల నిపుణులు కావాలని పేపర్లో ప్రకటన రాదు. కానీ ఈ క్లస్టర్లను బరువును బట్టి వేరుచేసి చూపేది మాస్ స్పెక్ట్రోమీటర్. మందుల్లోని మలినాలను పట్టుకునేదీ అదే. మీకు దగ్గర్లోని పోలేపల్లి సెజ్ నిండా మందుల కంపెనీలే కదా! లేజర్లు, వాక్యూమ్ పరికరాలు, కంప్యూటర్ లెక్కల్లో కూడా ఈ రంగంలో చేయి తిరుగుతుంది. వాటికి వేరే చోట్లా గిరాకీ ఉంది.

అందుకని ఇప్పుడే పీహెచ్‌డీ అంశం తేల్చుకోనక్కర్లేదు, ఎంఎస్సీ ఫిజిక్స్‌లో చేర్పించండి. ఏటా ఫిబ్రవరిలో జరిగే జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీల్లో సీటు రావచ్చు. తెలంగాణ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ కూడా రాయించండి, పాలమూరు విశ్వవిద్యాలయం ఇంటికి దగ్గర. ఖరీదైన కోచింగ్‌కు అప్పు చేయకండి, జామ్ పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. సెలవుల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమనండి. తర్వాత నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది, పీహెచ్‌డీ భారం మీ మీద పడదు. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎంఎస్సీ తర్వాతైనా చేయవచ్చు.

ఎంఎస్సీలో క్వాంటం మెకానిక్స్ పరీక్ష రాసి వచ్చాక కూడా ఇదే మాట మీద నిలబడితే, పరిశోధనకు ధైర్యంగా పంపండి.