పుచ్చకు 17 జీఎస్‌ఎం కవరా, 25 కవరా? అదే రకం నల్లగుడ్డ కలుపుకు పనికొస్తుందా?

మీరు అడిగినదాన్ని బట్టి, జనవరిలో ఎకరం పుచ్చ నాటబోతున్నారు. వైరస్ మోసుకొచ్చే తెల్లదోమ లాంటి పురుగులు చేరకుండా మొక్కల మీద కప్పే తెల్ల కవరు ఒక షాపులో 17 జీఎస్‌ఎం చాలన్నారు, ఇంకో షాపులో 25 తీసుకుంటే గట్టిగా ఉంటుందన్నారు. అదే నాన్ ఓవెన్ (దారాలతో నేయకుండా పోగులు అతికించి చేసిన గుడ్డ) నల్లది బెడ్డు మీద పరిస్తే కలుపు తీసే ఖర్చు కూడా తప్పుతుందన్నారు. పైన కప్పడానికి యూవీ కలిపిన 17 చాలు. కింద కలుపుకు మాత్రం పుచ్చలో నాన్ ఓవెన్ వద్దు, మామూలు ప్లాస్టిక్ మల్చింగ్ షీటే వేయండి. ఎందుకో చెప్తాను.

జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందనేది. అంతకుమించి ఏమీ కాదు. 25 వేస్తే తెల్లదోమ ఎక్కువగా ఆగుతుందనుకోవద్దు. 17లోనే సందులు దోమ, పేనుబంక దూరలేనంత చిన్నవిగా ఉంటాయి. తామర పురుగులు కూడా చాలావరకు బయటే ఆగిపోతాయి. బరువు పెరిగితే పెరిగేది గాలికి చిరగకుండా నిలిచే బలం, దాంతోపాటు లోపలి వేడి. తగ్గేది వెలుతురు. పుచ్చకు కవరు ఉండేది నాలుగు వారాలే కాబట్టి ఆ అదనపు బలానికి డబ్బు పెట్టడం దండగ. గాలి ఎక్కువగా కొట్టే ఎత్తు నేలైతే 20 తీసుకోండి. 30, 50 జీఎస్‌ఎంలు మంచు కురిసి పైరు మాడే చలి ప్రాంతాల కోసం. మన మైదానాల్లో వాటితో పనిలేదు.

జీఎస్‌ఎం కంటే ముందు అడగాల్సింది యూవీ గురించి. ఈ గుడ్డ పాలీప్రొపిలీన్. తయారీలో యూవీ మందు (ఎండలోని అతినీలలోహిత కిరణాలను తట్టుకునేలా చేసేది) కలపకపోతే మన ఎండకు నెలా రెండు నెలల్లో పెళుసెక్కి, చేత్తో నలిపితే పొడిగా రాలుతుంది. చేతిసంచులు కుట్టే గుడ్డ కూడా చూడ్డానికి, తాకడానికి అచ్చం ఇలాగే ఉంటుంది. అందులో యూవీ మందు ఉండదు. 'క్రాప్ కవర్' అని చెప్పి ఆ గుడ్డనే అంటగట్టే వాళ్ళున్నారు. కంటితో చూసి తేడా చెప్పడం ఎవరి వల్లా కాదు. అందుకని బిల్లు మీద 'యూవీ కలిపినది, ఇన్ని జీఎస్‌ఎం' అని రాయించుకోండి. నాటడానికి ఇంకా టైముంటే మూరెడు ముక్క తెచ్చి సగం మిద్దె మీద ఎండకు కట్టండి, సగం బీరువాలో పెట్టండి. ఐదారు వారాల తర్వాత రెండూ చింపి చూడండి. ఎండలోది కాగితంలా చిరిగితే ఆ షాపు వైపు వెళ్ళకండి.

జీఎస్‌ఎం నిజమా కాదా తేల్చడం సులువు. 1.6 మీటర్ల వెడల్పు, 400 మీటర్ల పొడవు చుట్ట 17 జీఎస్‌ఎం అయితే లోపలి అట్టగొట్టం తీసేశాక దాదాపు 10.9 కిలోలు తూగాలి. తొమ్మిదిన్నరే వస్తే అది 15 జీఎస్‌ఎం, లేదంటే పొడవు తక్కువ. బరువు సరిపోయినా గుడ్డ తాకితే సుద్దలా ఉండి, వెలుతురుకు పట్టి చూస్తే ఒకచోట చిక్కగా, ఇంకోచోట పలచగా మేఘాల్లా కనిపిస్తే అది సుద్దపొడి ఎక్కువ కలిపిన గుడ్డ. పలచగా ఉన్నచోటే చిరుగు మొదలవుతుంది.

ఇక ఎకరానికి ఎంత కావాలో. బెడ్డు మధ్య నుంచి పక్క బెడ్డు మధ్యకు 2 మీటర్లు అయితే ఎకరంలో బెడ్ల పొడవు దాదాపు 2,000 మీటర్లు. 1.6 మీటర్ల వెడల్పు కవరు వేస్తే 3,200 చదరపు మీటర్లు, అంటే 17 జీఎస్‌ఎంలో 54–55 కిలోలు. అదే 25లో 80 కిలోలు. చివర్లలో కట్టడానికి, చిరుగులకు ఐదు శాతం అదనంగా తీసుకోండి.

వెడల్పు దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు. బెడ్డు వెడల్పు 75 సెంటీమీటర్లు, గుడ్డను ఎత్తి పట్టే కమ్మీ (విల్లులా వంచి గుచ్చేది) ఎత్తు 40 సెంటీమీటర్లు అయితే వంపు మీదుగా కొలత 1.2 మీటర్లు పైచిలుకు. రెండు పక్కలా మట్టిలో కప్పడానికి 18 సెంటీమీటర్ల చొప్పున కలిపితే 1.6 మీటర్ల గుడ్డ బొటాబొటిగా సరిపోతుంది. పుచ్చ తీగకు చోటు కావాలని కమ్మీ 60 సెంటీమీటర్లకు లేపితే వంపే ఒకటిన్నర మీటర్లు దాటుతుంది. అప్పుడు 1.6 గుడ్డకు మట్టిలో పెట్టడానికి అంచు మిగలదు, మొదటి గాలికే లేచిపోతుంది. 60 ఎత్తు కావాలంటే 2 మీటర్ల వెడల్పు గుడ్డ తీసుకోవాలి. పుచ్చకు నెలలోపు 40–45 ఎత్తు చాలు.

కమ్మీలకు 8 గేజ్ జీఐ తీగ ఒకటిన్నర మీటర్ల ముక్కలు కోయించండి. రెండు మీటర్లకు ఒకటి గుచ్చితే ఎకరానికి సుమారు వెయ్యి. ఒక్కోటి 150 గ్రాములు, అంటే 150 కిలోల తీగ. కవరు కంటే కమ్మీలే దాదాపు మూడింతల బరువన్నమాట! అయితే తీగ ఏళ్ళ తరబడి పనికొస్తుంది. వెదురు బద్దలు చవక, కాకపోతే చీలిన అంచులు గుడ్డను కోస్తాయి. గీకి నునుపు చేసి వాడండి. వాన పడే రోజుల్లో కమ్మీల మధ్య దూరం ఒకటిన్నర మీటర్లకు తగ్గించాలి, లేకపోతే నీరు నిలిచి గుడ్డ జారి మొక్కల మీద పడుతుంది.

కప్పే రోజు పనులు ఒక వరుసలో జరగాలి. డ్రిప్ లేటరల్ (బెడ్డు పొడవునా వేసే సన్న పైపు) పరిచి ప్రతి డ్రిప్పర్ కారుతోందో లేదో చూడాలి. ఆ తర్వాతే మల్చింగ్, నాటడం, కమ్మీలు, కవరు. కప్పాక మూసుకుపోయిన డ్రిప్పర్‌ను వెతకడం నరకం. నాటిన సాయంత్రమే కప్పేయండి. 'మొక్క నిలదొక్కుకున్నాక వేద్దాంలే' అని నాలుగు రోజులు ఆగితే ఆ నాలుగు రోజుల్లోనే వైరస్ అంటుకోవచ్చు, ఆ తర్వాత కప్పినా ప్రయోజనం లేదు. నర్సరీ నుంచి వచ్చిన ట్రేలను తిప్పి ఆకుల అడుగు చూడండి. తెల్లదోమ లోపల ఉండగా కప్పితే దానికి మీరే ఇల్లు కట్టించినట్టు, లోపల దాన్ని తినే పురుగులు ఉండవు. ఉంటే మందు కొట్టి, ఆకు ఆరాకే కప్పాలి. పోయినసారి పుచ్చ, దోస, కర్బూజ వేసిన మడిలోనే మళ్ళీ వేస్తే మట్టిలోని పురుగు కోశాలు లోపలే పొదిగి గుమ్మడి పెంకు పురుగు, పాముపొడ పురుగు కవరు కిందే బయటికొస్తాయి. అలాంటి చేనులో కవరు మీద ఆశలు పెట్టుకోకండి.

గాలి వచ్చే వైపు అంచు పొడవునా మట్టి ఎగదోసి పూర్తిగా మూసేయండి. రెండో వైపు మట్టి బదులు ఇసుక నింపిన చిన్న సంచులు రెండు మీటర్లకు ఒకటి పెడితే తీసి చూడ్డానికి వీలుగా ఉంటుంది. చివర్లలో గుడ్డను మూటలా ముడిచి గుంజకు కట్టాలి. మరీ బిగించి లాగితే కమ్మీ దగ్గర చిరుగుతుంది, వదులైతే గాలికి ఆకుల్ని కొడుతుంది. మందులు గుడ్డ పైనుంచి కొడితే ఆకుకు చేరేది అంతంతమాత్రం, తెరిచే కొట్టాలి. ఎరువులు డ్రిప్‌లో ఎలాగూ వెళ్తాయి. వారానికి రెండుసార్లు తెరిచి బూజు తెగులు, ఎలుకలు చూసుకోండి. కవరు కింద వెచ్చగా, తడిగా, కాకి కంట పడకుండా ఉంటుంది కాబట్టి ఎలుకలకు భలే ఇష్టం.

వేడి సంగతి. కమ్మీ కింద నీడపట్టున ఒక థర్మామీటరు వేలాడదీయండి. మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంటే గాలి లేని వైపు అంచు కాస్త లేపాలి. డిసెంబరు, జనవరిలో నాటిన పైరుకు ఈ బాధ తక్కువ. మార్చిలో నాటి కప్పితే గుడ్డకు తగిలిన ఆకులన్నీ మాడతాయి. తెల్ల నాన్ ఓవెన్ బదులు పారదర్శక పాలిథిన్ కప్పడం మరీ ఘోరం, దాంట్లోంచి గాలే ఆడదు.

కవరు ఎప్పుడు తీయాలనేది తేదీని బట్టి కాదు, పువ్వును బట్టి. ముందు మగపూలు వస్తాయి, తొందరపడొద్దు. పువ్వు కింద బుల్లి కాయతో ఆడపూలు కనపడగానే తీసేయాలి. తీయకపోతే తేనెటీగ లోపలికి రాదు, పిందె నిలవదు. నాటిన 25–30 రోజులకు ఈ దశ వస్తుంది. ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నం తీస్తే లేత ఆకులు వాడి మాడతాయి. రెండు మూడు రోజులు సాయంత్రం పూట ఒక అంచు లేపి అలవాటు చేసి, ఆ తర్వాత సాయంత్రమే పూర్తిగా తీయండి. తీసినప్పటి నుంచి దోమ, తామర పురుగు, పండు ఈగ అన్నీ వస్తాయి. అయినా వైరస్ మొదటి నెలలో తగిలితే తీగే సాగదు, కాయలు దిగాక తగిలితే నష్టం చాలా తక్కువ. ఈ ఖర్చంతా ఆ నెల కోసమే.

ఇక నల్లగుడ్డ. బెడ్డు మీద 1.2 మీటర్ల వెడల్పున 2,000 మీటర్లు పరచాలంటే 2,400 చదరపు మీటర్లు. 25 మైక్రాన్ల మల్చింగ్ షీటైతే దాదాపు 55 కిలోలు. 60 జీఎస్‌ఎం నల్ల నాన్ ఓవెన్ అయితే 144 కిలోలు. అంత బరువుకు డబ్బు కట్టి తీసుకున్నా తడి ఆవిరి కావడం షీటంత ఆగదు, షీటు పైన ఉండే వెండిరంగు మెరుపుకు తామర పురుగు, దోమ బెదిరే లాభమూ ఉండదు. ఆ గుడ్డకున్న గొప్ప ఒక్కటే, వాననీరు, గాలి కిందికి దిగుతాయి. డ్రిప్ ఉన్న మూడు నెలల పంటకు అదంత అవసరం కాదు.

దాని అసలు చోటు రెండు మూడేళ్ళు కదపని నేల. కొత్తగా నాటిన నిమ్మ, మామిడి పాదుల చుట్టూ, డ్రాగన్ ఫ్రూట్ వరసల్లో, నర్సరీలో కుండీల కింద. అక్కడ కూడా 50 జీఎస్‌ఎం కొనకండి. సూర్యుడి వైపు పట్టి చూస్తే సూది బెజ్జాల్లా వెలుతురు కనపడిందంటే దాని కింద కలుపు పాలిపోయి అయినా పెరిగి గుడ్డను లేపుతుంది. కనీసం 80–100 ఉండాలి. మనుషులు, చక్రాలు తిరిగే దారులకు నాన్ ఓవెన్ నిలవదు, నేసిన వీడ్ మ్యాట్ 100 పైన వేసుకోవాలి. నేసినదాన్ని కత్తెరతో కోస్తే దారాలు ఊడతాయి, కాల్చిన డబ్బా మూతితో బెజ్జం పెట్టాలి. నాన్ ఓవెన్‌కు ఆ బాధ లేదు, కత్తెర చాలు. కానీ మేకు దగ్గర చిరుగు పడితే సాగుతూనే ఉంటుంది. అందుకని మేకు దిగేచోట రెండు మడతలు వేసి, మీటరుకొక యూ పిన్ను గుచ్చండి. అతుకుల దగ్గర 15 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి రావాలి. కాండం చుట్టూ మూడంగుళాలు వదలండి, నల్లగుడ్డ ఎండకు కాగి లేత కాండాన్ని కాలుస్తుంది. పైన ఎండుటాకు, మట్టి పేరుకుంటే కలుపు గింజ అక్కడే మొలిచి వేళ్ళు గుడ్డలోకి దించుతుంది. ఏడాదికి రెండుసార్లు ఊడ్చాలి.

తుంగ ఉన్న నేలైతే ఏది పరిచినా ముందు ఆ పని చూడాలి. వయ్యారిభామ, పాయలాకు లాంటి గింజ కలుపు చీకటికి చస్తుంది. తుంగ మొలక మాత్రం సూదిలా మల్చింగ్ షీటునూ, పలచటి నాన్ ఓవెన్‌నూ పొడుచుకుని వస్తుంది. గరిక పొడవదు కానీ అడుగునే పాకి మొక్క పెట్టిన బెజ్జంలోంచి తల ఎత్తుతుంది. వేసవిలో లోతుగా దున్ని తుంగ గడ్డలు పైకి తెచ్చి ఎండబెట్టడం, తొలి తడికి మొలిచినవాటిని మళ్ళీ దున్నడం, ఇలా రెండు విడతలు చేశాకే పరవండి.

అరటి వేసేవాళ్ళూ ఇదే ప్రశ్న అడుగుతుంటారు. అనంతపురం, కడప వైపు జీ-9 రకం అరటి గెలలకు తొడిగే సంచులు కూడా ఈ తెల్ల నాన్ ఓవెన్‌వే, అక్కడా 17–20 సరిపోతుంది. గెలలో చివరి హస్తం విచ్చుకుని, మగపువ్వు కోసేశాక తొడగాలి, అడుగు తెరిచే ఉంచాలి. మూస్తే లోపల చెమ్మ నిలిచి కాయ మీద మచ్చలు వస్తాయి.

తీసిన కవరును మట్టి దులిపి, పూర్తిగా ఆరాక నీడలో చుట్టి, ఎలుకలు చేరకుండా ఎత్తులో పెట్టండి. జాగ్రత్తగా తీస్తే 17 జీఎస్‌ఎం రెండో పంటకు కూడా వస్తుంది, చిరిగిన చోట అదే గుడ్డ ముక్క కుట్టుకోవచ్చు. పాడైంది మాత్రం చేనులో కలిపి దున్నకండి, మట్టిలో కుళ్ళదు. పాతసామాను వాళ్ళకు ఇచ్చేటప్పుడు మల్చింగ్ షీటుతో కలపకుండా వేరుగా కట్టండి. అది పాలిథిన్, ఇది పాలీప్రొపిలీన్, కలిసిపోతే రెండూ కొనరు.