సిరికి, చర్ల వెళ్లే ముందు

సిరీ,

హైదరాబాద్‌లో ఏసీ వార్డు ఉద్యోగం వదిలేసి చర్ల మండలంలో, ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయ ఆదివాసీల గూడేల్లో పనిచేయడానికి వెళ్తున్నావట, మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. దాన్ని ఓదార్చి ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఇంకొకతి తయారైందని గర్వం, తయారైంది ఎక్కడికి పోవడానికో తెలుసు కాబట్టి టెన్షన్. నిన్ను ఆపను. ఆపినా ఆగవు, నా పోలికే కదా.

2005లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ వైపు సల్వాజుడుం, అదే మావోయిస్టుల మీదికి ఊరి జనాన్ని ఉసిగొల్పిన దండు, మొదలైనప్పుడు నువ్వు పలక కూడా పట్టలేదు. ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని దోర్నపాల్, ఎర్రబోరు శిబిరాలకు తోలారు. శిబిరానికి పోతే అన్నలకు, అంటే మావోయిస్టులకు కోపం, పోకపోతే జుడుం వాళ్లకు కోపం. ఎటూ కాలేక వేలమంది రాత్రికి రాత్రి అడవి దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల్లోకి వచ్చిపడ్డారు. 2011 జులైలో సుప్రీంకోర్టులో జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారి ధర్మాసనం, ఆదివాసీ కుర్రాళ్ల చేతికి తుపాకులిచ్చి ఎస్పీవోలుగా, అంటే ప్రత్యేక పోలీసులుగా నిలబెట్టడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. తీర్పు మంచిదే. కానీ చాలామంది వెనక్కి పోలేదు, పోవడానికి అక్కడ ఇల్లుంటే కదా. ఇక్కడేమో రిజర్వు ఫారెస్టులో పోడు కొట్టుకున్నారని గుడిసెలు పీకేయడం, మళ్లీ ఇంకోచోట వేసుకోవడం. 2014లో చింతూరు, కూనవరం ఆంధ్రాలోకి వెళ్లాక ఒకే ఇంటి అన్నదమ్ములిద్దరూ రెండు రాష్ట్రాల ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. 2025లో మావోయిస్టుల మీద బలగాలు చేసిన కర్రెగుట్టల ఆపరేషన్ సంగతి నువ్వు టీవీలో చూసే ఉంటావు.

సులువైనవి ముందు చెప్పేస్తా. దోమతెర లేకుండా పడుకోకు. నీళ్లు కాచుకుని తాగు. వాగు మోకాలు దాటి పారుతుంటే ఆ రోజు ఇవతలే ఆగిపో. జులై, ఆగస్టుల్లో గోదావరి పోటెత్తితే దారులు తెగిపోతాయి, కాబట్టి మలేరియా కిట్లు, మాత్రలు, ఓఆర్‌ఎస్ జూన్‌లోనే గూడేల్లోకి చేర్చండి. మందుపాతరల భయం ఉన్న చోట నడిచే బాట దిగి ఒంటికి కూడా పోకు, సిగ్గుపడితే ప్రాణం మీదికొస్తుంది.

బియ్యం ఇవ్వండి, గోధుమపిండి వద్దు, వాళ్లకు అలవాటు లేదు. పాలపొడి డబ్బాలు మాత్రం దాతలు ఎంత బతిమాలినా పంచనివ్వకు. చెలమ నీళ్లలో కలిపి సీసాతో పడితే బిడ్డకు విరేచనాలు, తల్లికేమో పాలు తగ్గిపోవడం, రెండూ ఒకేసారి జరుగుతాయి. నీ ఫ్రెండ్స్ పాత బట్టల మూటలు పంపుతామంటారు చూడు, అవీ వద్దు. మాకొకసారి వచ్చిన మూటలో చిరిగిన జీన్సులు, జరీ లంగాలు, ఒక నల్లకోటు కూడా ఉన్నాయి. ఆ కోటు ఒక ముసలాయన ఎండాకాలమంతా వేసుకుని తిరిగాడు. పెళ్లిపెద్దలాగే ఉన్నాడులే, కానీ ఆ లారీ కిరాయితో ఎన్ని దోమతెరలు వచ్చేవో లెక్కేసుకో.

ఇప్పుడు అసలు విషయం. ఇది మాత్రం పని పక్కన పెట్టి చదువు.

జుడుం గొడవలు ముదిరిన రోజుల్లో, వానలకు ముందు, ఒక గూడేనికి టార్పాలిన్ పట్టాలు, దుప్పట్లు పంచడానికి వెళ్లాం. మా జట్టులో ఒక కుర్రాడు ఉండేవాడు, బంగారం లాంటి పిల్లాడు, చేతిరాత అచ్చు వేసినట్టుండేది. పంచినదానికి లెక్క కావాలని పై ఆఫీసు వాళ్లు అడిగారని పెద్ద రిజిస్టరు కొని గళ్లు గీశాడు. ఇంటి పెద్ద పేరు, తండ్రి పేరు, అటువైపు ఏ ఊరు, ఎప్పుడొచ్చారు, ఎందుకొచ్చారు, ఇంట్లో ఇంకా రానివాళ్లు ఎవరు. ఆ చివరి గడి ఎవరూ అడగలేదు, విడిపోయినవాళ్లను కలుపుదామన్న ఆశతో తనే కలిపాడు. నేను పక్కనే చెట్టు కింద జ్వరం పిల్లల్ని చూస్తున్నా. ఆడవాళ్లు వరసలో నిలబడి అన్నీ చెబుతున్నారు, చెప్పకపోతే పట్టా ఇవ్వరేమోనని. ఒకావిడ మాత్రం ఊరి పేరు దగ్గర ఆగిపోయి మొగుడి ముఖం చూసింది. అతను తల దించుకున్నాడు. ఆవిడ ఏదో ఒక పేరు చెప్పింది. అలాంటి ఊరే లేదని మాకు మాట తిరగేసి చెప్పే కోయ పిల్ల తర్వాత నా చెవిలో వేసింది.

తిరిగి వస్తుంటే జీపు ఆపారు, యూనిఫాం వాళ్లు. మర్యాదగానే మాట్లాడారు, టీ ఇప్పించారు, రిజిస్టరు తీసుకెళ్లి జిరాక్స్ తీయించుకుని తిరిగి చేతికిచ్చారు. అంతే. కసరనైనా కసరలేదని మా కుర్రాడు సంబరపడ్డాడు. ఆ కబురు గూడేనికి మా కంటే ముందే చేరింది. తర్వాతి వారం మందులు పట్టుకుని వెళ్తే అక్కడ మనిషన్నవాడు లేడు. పొయ్యిల్లో బూడిద, ఒక గుంజకు సొరకాయ బుర్ర వేలాడుతోంది. మేమిచ్చిన నీలం పట్టాలు మడతపెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎగిరిపోకుండా పైన రాయి పెట్టారు. ఇచ్చినవి ఇచ్చినట్టు అప్పజెప్పి పోయారన్నమాట, అప్పటికి వానలు పట్టేశాయి. వాళ్లలో క్షయ మందులు సగంలో ఉన్నవాళ్లున్నారు, నెలలు నిండిన పిల్ల ఒకతి ఉంది. ఎటు పోయారో, ఆ కాన్పు ఎక్కడ జరిగిందో ఈ రోజుకీ నాకు తెలియదు. పోలీసులకు పేరు తెలిస్తే ఒక భయం, మీ పేర్లు వాళ్లకెందుకు ఇచ్చారని అన్నలు నిలదీస్తే ఇంకో భయం. ఆ ఊరూ పేరూ కాగితమెక్కితే ఎవరి కంటైనా పడొచ్చు, అదీ వాళ్ల బాధ.

ఆ తర్వాత మేం ఇంటికో టోకెన్ ఇచ్చాం, దాని మీద నంబరు మాత్రమే. ఎన్ని ఇళ్లు, ఎన్ని తలలు, ఐదేళ్లలోపు పిల్లలెందరు, కడుపుతో ఉన్నవాళ్లెందరు, ఇంతే రాసుకున్నాం. క్షయకు పేరు రాయక తప్పదు, ఆ కార్డులోనూ 'అటువైపు ఊరు' అన్న గడి ఉండేది కాదు. లెక్క కావాలన్నవాళ్లు కొన్నాళ్లు గొణిగారు, తర్వాత అలవాటుపడ్డారు.

మీ రోజుల్లో రిజిస్టరు ఎందుకు, ఫోన్ ఉందిగా! అదే నా భయం. ఫొటో తీస్తే దాంట్లోనే చోటు కూడా ఎక్కుతుందటగా, లొకేషన్ ఆపెయ్. గ్రూపులో పెట్టాలని దుప్పటి పట్టుకున్న ముసలమ్మను నవ్వమనకు. బియ్యం ఇవ్వడానికి ఆధార్ అడగమని మీ వాళ్లంటే, నువ్వు చెప్పు: ఆకలికి కార్డుతో పనేంటి అని. ఎక్కడి నుంచి వచ్చారన్న ప్రశ్న నీ నోట రాకూడదు, పలకరింపుగా కూడా.

దొంగచాటుగా మాత్రం ఏదీ చేయకు. భద్రాచలం ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి ఆఫీసులో), పీహెచ్‌సీలో మీరు వస్తున్నట్టు, ఏమిస్తున్నారో, ఏ రోజో చెప్పే వెళ్లండి. తుపాకీ ఉన్నవాళ్లను ఎవరినీ మీ బండి ఎక్కించుకోవద్దు, వాళ్ల బండీ మీరు ఎక్కొద్దు. గాయంతో ఎవరైనా వస్తే కట్టు కట్టి, నెత్తురు ఆపి, ఏరియా ఆసుపత్రికి పంపు. చట్టం ప్రకారం చేయాల్సింది అక్కడి డాక్టరు చేస్తాడు. రాత్రిపూట ఒంటరిగా రమ్మంటే పోకు. నీకు జాలి ఎక్కువ, నాకు తెలుసు, అందుకే తిడుతున్నా.

పక్కనే ఉన్న పాత కోయ ఊరిని మరిచిపోవద్దు. వాళ్లూ పేదోళ్లే, బోరు ఒక్కటే ఉంటుంది. కొత్తవాళ్లకే పంచితే ఆ సాయంత్రమే నీళ్ల దగ్గర గొడవ. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు అని పుస్తకాల్లో ఉంది, నువ్వు చదివే ఉంటావు, బోరు దగ్గర వరసలో ఒక గంట నిలబడి చూడు, ఎంత అందుతుందో తెలుస్తుంది.

ఆరు నెలలు దాటి ఐదేళ్లలోపున్న పిల్లల జబ్బచుట్టు కొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి. తల్లి రానంటుంది. మిరపకోతల రోజులైతే అసలే రాదు, కూలి పోతుంది, ఇంట్లో ఇంకో ఇద్దరుంటారు. ఆవిడ మీద అరవకు. ఆ ఇద్దరికీ తిండి ఎవరు పెడతారో, పోయిన కూలి ఎలా పూడుతుందో ముందు తేల్చి, ఆ తర్వాత అడుగు. మా సిస్టర్ ఒకామె ఒక తల్లిని బిడ్డను చంపుకుంటావా అని అరిచింది. మర్నాటి నుంచి ఆ గుడిసె తడిక మా కోసం తెరుచుకోలేదు.

బాగా తిను. కోపమొస్తే నాకు ఫోన్ చేయి, ఏ వేళైనా సరే. సిగ్నల్ దొరికే గుట్ట ఏదో అక్కడి ఆశా కార్యకర్త చూపిస్తుంది. భద్రాచలంలో దిగగానే ఏరియా ఆసుపత్రిలో సిస్టర్లతో పరిచయం చేసుకో, రేపు నువ్వు పంపే మనిషిని లోపలికి తీసుకోవాల్సింది వాళ్లే. ఆ తర్వాతే చర్ల బస్సు ఎక్కు, అది కూడా పగటి బస్సే.

మీ పెద్దమ్మ