పాత వైట్ డ్వార్ఫ్ సంచికల కోసం ఇంటి పొదుపు తీయవచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చదువుకునే రోజుల నుంచి వైట్ డ్వార్ఫ్ అనే ఆటల పత్రిక పాత సంచికలు కొంటున్నాను. ఈమధ్య వాటన్నిటినీ వరుసగా తిరగేస్తుంటే, నా దగ్గర లేని తొలి సంచికలు కూడా కొని సెట్టు పూర్తి చేస్తే మంచి పెట్టుబడి అవుతుందనిపించింది. ఇంటి డిపాజిట్ కోసం దాచినదాంట్లోంచి 4,000 పౌండ్లు తీయవచ్చా?

జవాబు: ఇంటి కోసం దాచిన సొమ్మును ముట్టుకోవద్దన్నదే నా సలహా. అలాగని ఉన్నవాటిని అమ్మేయమనీ అనను. 1977లో గేమ్స్ వర్క్‌షాప్ అనే బ్రిటిష్ ఆటల సంస్థ 50 పెన్స్ ధరతో ఈ పత్రికను మొదలుపెట్టినప్పుడు, చిన్న బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే దాని సొంత యుద్ధపు ఆట వార్‌హామర్ ఇంకా పుట్టనే లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్, ట్రావెలర్ వంటి, ఆటగాళ్లు పాత్రలు ధరించి కథ నడిపే ఇతర సంస్థల ఆటల గురించిన సమీక్షలు, పాఠకులు ఊహించి పంపిన రాక్షసుల వివరాలతో ఆ పేజీలు నిండి ఉండేవి. 1983లో వార్‌హామర్, 1987లో దాని అంతరిక్ష రూపమైన ‘వార్‌హామర్ 40,000’ వచ్చాక, ఆ దశాబ్దం ముగిసేసరికి అది గేమ్స్ వర్క్‌షాప్ సొంత ఆటల పత్రికగా మారిపోయింది. ఒక అభిరుచి పరిశ్రమగా ఎదిగిన తీరును నెలనెలా చూపించే ఇలాంటి వరుస అరుదు కాబట్టి, వాటి మీద మీకున్న మమకారం నాకు అర్థమవుతుంది.

అయితే చదువరికి ఉన్న విలువ వేరు, అమ్మకందారుకు దక్కే ధర వేరు. తొలి సంచికలు తక్కువగా మిగిలాయి కనుక వాటికి గిరాకీ ఉంది; 1990ల సంచికలు మాత్రం చాలా ఇళ్లలో భద్రంగానే ఉన్నాయి. పైగా తొలి సంచికలను ఎక్కువగా కోరుకునేది ఆ రోజుల్లో కుర్రవాళ్లుగా ఉన్నవారే. వారు వయసు మళ్లి తమ పెట్టెలను అమ్మకానికి పెట్టే కొద్దీ సరుకు పెరిగి, కొనేవారు తగ్గే అవకాశముందని నా అంచనా. ఈ కాగితం వడ్డీ ఇవ్వదు, డివిడెండ్ ఇవ్వదు. అమ్మేటప్పుడు అమ్మకపు వెబ్‌సైటు రుసుము, తపాలా ఖర్చు మీరే భరించాలి. గేమ్స్ వర్క్‌షాప్ 1994లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదై, 2024 డిసెంబరులో అక్కడి అతిపెద్ద వంద కంపెనీల సూచీ ఎఫ్‌టీఎస్‌ఈ 100లోకి చేరింది. ఆ ఎదుగుదల ఫలితం వాటాదారులకు చేరుతుందే గాని, మీ అటక మీది పత్రికలకు కాదు.

అదే 4,000 పౌండ్లను లైఫ్‌టైమ్ ఐసాలో, అంటే మొదటి ఇంటికి లేదా వృద్ధాప్యానికి దాచుకునేవారికి బ్రిటిష్ ప్రభుత్వం బోనసు ఇచ్చే పొదుపు ఖాతాలో, వేస్తే ఏమవుతుందో చూడండి. ఏడాదికి అనుమతించే గరిష్ఠ మొత్తం సరిగ్గా అంతే. దాని మీద ప్రభుత్వం 25 శాతం, అంటే 1,000 పౌండ్లు కలుపుతుంది. 40 ఏళ్లు నిండకముందే ఖాతా తెరవాలి, మొదటి జమ తర్వాత కనీసం 12 నెలలు గడవాలి, కొనే ఇల్లు 4,50,000 పౌండ్లు మించకూడదు. ఇతర అవసరాలకు 60 ఏళ్లలోపు తీస్తే 25 శాతం కోత పడుతుంది; అప్పుడు బోనసుతోపాటు మీ అసలులోనూ కొంత పోతుంది. మన తెలుగువారు తరచుగా మరచిపోయే షరతు ఇంకొకటి ఉంది. ప్రపంచంలో ఎక్కడైనా మీ పేరున ఇల్లు గాని, ఇంట్లో వాటా గాని ఉంటే మొదటి ఇంటి కొనుగోలుదారుగా మిమ్మల్ని లెక్కించరు. హైదరాబాదులో నాన్నగారు మీ పేరున కొన్న ఫ్లాటు, ఊళ్లో వారసత్వంగా వచ్చిన ఇంటి భాగం కూడా ఇందులోకే వస్తాయి కనుక, ఖాతా తెరిచే ముందే ఇంట్లో అడిగి తెలుసుకోండి.

పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను. సొంతానికి దాచుకున్న వస్తువును 6,000 పౌండ్లు లేదా అంతకు తక్కువకు అమ్మితే మూలధన లాభాల పన్ను ఉండదు, కాని సెట్టును ఒకరికే అమ్మితే మొత్తాన్ని ఒకే వస్తువుగా లెక్కిస్తారు. లాభం కోసమే కొని అమ్ముతూ పోతే అది వ్యాపారాదాయం. దానికి ఏడాదికి 1,000 పౌండ్ల మినహాయింపు ఉంది.

ఖాళీలు పూరించాలన్న కోరిక బలంగా ఉంటే, నెల ఖర్చుల్లో వినోదానికి కేటాయించుకున్న సొమ్ములోంచి ఒక్కొక్క సంచికే కొనండి. డబ్బు పంపే ముందు నడిమి పేజీల ఫొటో అడగండి. పిన్నులు తుప్పు పట్టి కాగితానికి మరక దిగినా, కూపను కత్తిరించి ఉన్నా, లోపలి పోస్టరు లేకపోయినా ధర బాగా తగ్గాలి; అవన్నీ ముఖచిత్రం ఫొటోలో కనిపించవు.